లెక్కల సారు మీద ఆటవెలది

ప్రభుత్వ కాలేజీలో తెలుగు లెక్చరర్‌కు రెండు ఉద్యోగాలుంటాయి. పాఠం చెప్పడం ఒకటి. రిటైరయ్యేవాళ్ల మీద పద్యాలు రాసివ్వడం ఇంకొకటి. ఈ రెండోది ఏ ఉత్తర్వులోనూ ఉండదు. అయినా దాన్ని తప్పించుకున్నవాణ్ని నేను చూడలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "సార్, ఎల్లుండే ఫంక్షన్. పంచరత్నాలు కావాలంటున్నరు. మీ పాతవి ఏమన్న ఉంటే పంపుండ్రి" అని అడుగుతుంటారు. పాతవి ఉన్నాయి. పంపను. ఎందుకు పంపనో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో వచ్చే లెక్కల సారు మొన్న చలికాలంలో జనగామలో పోయారు. దినాలకు వెళ్లి వచ్చాను. అక్కడ చాలామంది ఆయన గురించి మాట్లాడారు. నేను మాట్లాడలేదు. అట్లాంటి చోట నాకు నోరు పెగలదు. పైగా పోయిన మనిషి గురించి పెద్ద పెద్ద మాటలు వింటుంటే, ఆ మనిషి మనకు ఇంకాస్త దూరం జరిగినట్టు ఉంటుంది. ఇంటికి వచ్చి ఒక్కణ్నే కూర్చుని ఆయన్ను తలచుకుంటే, కళ్లనీళ్ల కంటే ముందు నవ్వు వచ్చింది. నాకు ఆ నవ్వే ఎక్కువ నిజమనిపించింది.

నా ఉద్యోగం జనగామలో మొదలై, మానుకోటలో నడిచి, భూపాలపల్లిలో ముగిసింది. మహబూబాబాద్‌ను మా దిక్కు మానుకోటే అంటారు. ఎక్కువ కాలం పనిచేసింది అక్కడే. నేను చేరేసరికి ఆ కాలేజీలో ఐదు పద్యాలు నా కోసం సిద్ధంగా ఉన్నాయి. నాకంటే ముందున్న తెలుగు సారు రాసిపెట్టి పోయారు. మంచి వృత్తాలు, నడక కూడా బాగుంటుంది. రిటైరయ్యే మనిషి పేరు రావలసిన చోట చుక్కలుంటాయి. ఆ చుక్కల్లో పేరు ఇరికిస్తే సన్మాన పత్రం తయారు. మేరు పర్వతమంత ధైర్యం, సముద్రమంత దయ, చంద్రుడంత చల్లదనం, కల్పవృక్షమంత ఉదారత, చివరి పద్యంలో నిండు నూరేళ్లు. ప్రిన్సిపాల్ మేడం వాటినే వాడమన్నారు. "మంచిగనే ఉన్నయి గద, కొత్తయి ఎందుకు?" అన్నారు. నేనూ వాడాను. నాకు రాగం రాదు. మామూలుగా చదివేవాణ్ని. అదొక్కటే జనానికి వెలితి.

ఒకనాడు స్టాఫ్ రూంలో లెక్కల సారు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. మితభాషి. ఆయనకు టీ అలవాటు లేదు, మాటలు అలవాటు లేదు. నవ్వితే ఎవరో మార్కులు కోస్తారన్నట్టు ఉండేవారు. పద్యాలంటే ఆయన దృష్టిలో జవాబు లేని లెక్కలు.

"సార్, ఒక డౌటు" అన్నారు. "పోయిన ఏడు జువాలజీ మేడం రిటైరైతే మేరు పర్వతమన్నరు. మొన్న ఆటల పీడీ సార్‌ను గూడ మేరు పర్వతమన్నరు. మేరు పర్వతాలు ఎన్నున్నయి?"

"ఒక్కటే సార్."

"మరి మేడం ఈక్వల్స్ మేరు పర్వతం. పీడీ సార్ ఈక్వల్స్ మేరు పర్వతం. అంటే మేడం ఈక్వల్స్ పీడీ సార్. గిది మేడం ఇంటాయనకు ఎరుకేనా?"

చెప్పేసి ముఖం కదలకుండా తన పేపర్లు దిద్దుకోవడంలో పడ్డారు. ఆ రోజు సాయంత్రం దాకా నేను ఎక్కడ నిలబడితే అక్కడ నవ్వుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు ఆయన వంతే వచ్చింది. రిటైర్మెంటు ఇంకా కొంచెం దూరం ఉండగానే, స్టాఫ్ రూంలో ఎవరూ లేనప్పుడు మళ్లీ వచ్చి కూర్చున్నారు.

"నా మీద గూడ రాస్తరా?"

"రాయాలి కదా సార్. ఆనవాయితీ."

"ఐదు వద్దు. ఒక్కటి చాలు. రెండే కండిషన్లు. నా పేరుండాలె. అబద్ధం ఉండొద్దు."

నేను నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వడం లేదు.

"నేను ఎవలకు మంచి చేసింది లేదు సార్. చెడ్డ చేసింది గూడ లేదు. లెక్కలు చెప్పిన, అంతే. పిల్లలు నన్ను చూస్తే పక్క తొవ్వ పడతరు. నాకు తెల్వదా? ఆ దినం స్టేజి మీద మా ఇంటామె నా పక్కన కూసుంటది. మీరు సముద్రం, చంద్రుడు అని సదువుతాంటే ఆమె నా మొకం చూస్తది. నేను చంద్రుడో కాదో ఆమెకంటే ఎక్కువ ఎవలకు తెలుసు? ఇన్నేండ్ల కొలువుల నిజంగ చెప్పేటిది ఒక్క ముక్క ఉంటే చెప్పుండ్రి. లేకుంటే శాలువ కప్పి పంపుండ్రి. నేనేం అనుకోను."

ఏమీ అనుకోనని చెప్పే మనిషి ఎంత అనుకుంటాడో నాకు తెలుసు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అడిగాడు. ఆ ఒక్క ముక్క దొరక్కపోతే, ఆయన తన ఉద్యోగమంతా ఒక సున్నా అని లెక్క తేల్చుకుని ఇంటికి పోతారు. ఒకసారి లెక్క వేశాక మళ్లీ సరిచూసుకునే అలవాటు కూడా ఆయనకు లేదు.

ముందు పేరు దగ్గరే చిక్కు వచ్చింది. ఆయన పేరు ఇక్కడ రాయను. అందులో నాలుగే అక్షరాలు, నాలుగూ గురువులే. పలకడానికి ఎక్కువ సమయం పట్టే అక్షరం గురువు, తక్కువ పట్టేది లఘువు. పద్యం ఏదైనా ఈ రెండింటి వరసే. ఎక్కడ గురువు రావాలో, ఎక్కడ లఘువు రావాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. సన్మానాలకు మనం మామూలుగా వాడే వృత్తాల్లో వరసగా నాలుగు గురువులు రావు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"మీ పేర్లనే నలుగురు గురువులున్నరు సార్. మధ్యల ఒక్క శిష్యుడన్న ఉంటే పని అయ్యేది."

"రావంటే? ఎట్ల రావు? చూపియుండ్రి."

ఒక కాగితం మీద వృత్తాలన్నీ గీసి ఇచ్చాను. గురువుకు ఒకటి, లఘువుకు సున్నా పెట్టుకుని ఆయన తన పద్ధతిలో తిరగరాసుకున్నారు. మర్నాడు పొద్దున, నేను సంచి కిందపెట్టక ముందే ఎదురొచ్చారు.

"మీరు చెప్పింది తప్పు. ఒక చోట పడుతది. శార్దూలంల. లైను ఆఖరుకు ఒక గురువున్నది. కింది లైను మొదట్ల మూడున్నయి. ఒకటీ మూడూ నాలుగు."

నిజమే. మన పాత పద్యాల్లో పాదం చివర మాట విరిగి కింది పాదంలోకి పోవడం మామూలు. ఆ సంగతి చెప్పి, "మీరు సరిగ్గా పట్టుకున్నరు. అట్ల రాయొచ్చు సార్" అన్నాను.

ఆయన కాగితం మీద రెండు పాదాల మధ్య గీత గీశారు. "అంటే తల పై లైన్ల, మొండెం కింది లైన్ల. అదీ శార్దూలం. పులి. గిది సన్మానమా, శవ పంచనామానా?"

పేరు కండిషన్ అట్లా రద్దయింది. కాగితం మీద పేరు పైన అచ్చువేయిస్తామని, పద్యంలో 'సారు' అని ఉంటుందని ఒప్పందం చేసుకున్నాం. రెండో కండిషన్ మాత్రం రద్దయ్యేది కాదు.

నేను నాలుగైదు ప్రయత్నాలు చేసి చింపేశాను. సమయపాలన అని రాద్దామంటే, ఆయన అందరిలాగే వచ్చేవారు. పిల్లలంటే ప్రేమ అని రాద్దామంటే, పిల్లలు వింటారు. నిజాయితీ అని రాద్దామంటే, అది ఒక మాట మాత్రమే, దానికి ముక్కూ ముఖం ఉండవు. తెలిసిన మనిషి గురించి పద్యం రాయడానికి కూర్చుంటే, తెలియదన్న సంగతి తెలిసింది.

దారి క్లాసులో దొరికింది. ఎంపీసీ పిల్లలకు మొదటి పీరియడ్ లెక్కలు, రెండోది తెలుగు. ఆయన పోయాక అదే గదిలోకి నేను వెళ్లేవాణ్ని. ఆ రోజు పాఠంలో ఒక పాత పద్యం. అందులో ఒక కొంగ నీళ్లలో ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. పద్యం ఏదైనా నేను మూడే అడిగేవాణ్ని. ఎట్లా కట్టారు? దేని గురించి? అందులో ఏ వస్తువు తనకంటే ఎక్కువ చెబుతోంది? మూడోదానికి పిల్లలు గైడు చూసి వస్తారు.

"కొంగ దొంగ భక్తికి ప్రతీక సార్" అన్నాడు ముందు బెంచీ పిల్లవాడు, ఊపిరి తీసుకోకుండా.

"ఉండు. ముందు కొంగను కొంగగా చూడు. నీళ్లు ఎంత లోతు? ఇంకో కాలు ఎక్కడ పెట్టుకుంది? ఎటు చూస్తోంది?"

"చేపను చూస్తది సార్."

"చేప పద్యంలో ఉందా?"

అందరూ పుస్తకం చూశారు. చేప లేదు. కొంగ ఒక్కటే ఉంది. క్లాసు కొంచెం సద్దుమణిగింది. వెనక నుంచి ఎవడో గొంతు మార్చి అన్నాడు. "సార్, మరి లెక్కల సారు దేనికి ప్రతీక?"

"యమునికి!" అన్నాడు పక్కవాడు. గది గొల్లుమంది.

ఇంకో రోజైతే కసిరేవాణ్నేమో. ఆ రోజు నాకు అవసరం ఉంది. "యముణ్ని నువ్వు చూడలేదు. చూసింది చెప్పు. ఆయన దగ్గర మీరు రోజూ చూసేది ఏందో ఒక్కొక్కరు ఒకటి చెప్పండి. మంచీ చెడ్డా వద్దు. కళ్లతో చూసిందే కావాలి."

"జేబుల రెండు పెన్నులుంటయి, ఒకటి రాయది."

"హాజరు తీసేటప్పుడు తలకాయ లేపడు సార్. గొంతును బట్టే గుర్తుపడతడు."

"గొంతు మార్చి ఇంకొకనికి హాజరు చెప్తే, వానికి జరం వచ్చిందా అంటడు."

నవ్వులు. అప్పుడు దంతాలపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడేది కాదు.

"సార్, మీరు వచ్చెటాల్లకు బోర్డు ఖాళీగ ఉంటది గద. ఎవలు తుడుస్తరనుకున్నరు?"

నేను వెనక్కి తిరిగి చూశాను. బోర్డు నల్లగా, తడిగుడ్డతో తుడిచినట్టు ఉంది. దాని మీద నేను రాసిన కొంగ పద్యం ఉంది.

"ఫిజిక్స్ సార్ తుడవడు. ఇంగ్లిష్ సార్ తుడవడు. వాళ్ల తర్వాత వచ్చెటోళ్లే తుడుసుకుంటరు" అంది అమ్మాయి. "లెక్కల సార్ ఒక్కడే. బెల్లు కొట్టినంక గూడ నిలబడి, మూలమూలకు తుడిచి పోతడు. మేం బయటికి పోదామన్నా పోనియ్యడు, ఆయన తుడిచెదాకా."

ఇన్నేళ్లు నేను ఆ గదిలోకి వచ్చి, చాక్‌పీస్ తీసుకుని, బోర్డు వైపు తిరిగి రాసేశాను. నేలను చూసి నడుస్తామా? అట్లాగే అది అక్కడ ఉంది. పద్యానికి నాకు కావలసింది దొరికింది. ఇంటికి పోయి అన్నం తినకముందే రాశాను.

ఆటవెలదిలో రాశాను. నాలుగు పొట్టి పాదాలు, వృత్తాలకుండే బరువు లేదు. మనిషికి తగిన చొక్కా కుట్టినట్టు, చెప్పే సంగతికి తగిన ఛందస్సు వెతకాలి. తుడిచిన బోర్డును శార్దూలంలో పెడితే పులి బోర్డు తుడిచినట్టు ఉంటుంది. పద్యం ఇది:

బోర్డు తుడిచి గాని పోడు బైటికి సారు
వెనుక వచ్చు వాని వీలు కొరకు
నల్ల బోర్డు మీద నా పద్యమును రాసి
ఎన్ని యేండ్లు గడిచె నెరుగనైతి

ప్రిన్సిపాల్ మేడం చదివి కాగితాన్ని తిప్పి చూశారు, వెనకవైపు ఇంకా ఉందేమోనని. "గింతేనా? మేరు పర్వతం ఏది?" అన్నారు. ఆయనే ఒక్కటి చాలన్నారని చెప్పాను. పెద్ద అక్షరాలతో అచ్చువేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించారు. పద్యం చిన్నది కాబట్టి నాలుగు వైపులా పువ్వులు వేయించారు.

ఫంక్షన్ ఆ క్లాసుగదిలోనే. మా కాలేజీలో పెద్ద గది అదే. బోర్డు మీదుగా ఫ్లెక్సీ వేలాడదీశారు. అందులో సారు ఫొటో, ఎవరి మీదో కోపం వచ్చినట్టు చూస్తోంది. దాని కింద బల్లలు కలిపి స్టేజి. సారు, ఇంటామె పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె ఎర్రంచు చీర కట్టుకుని, ఎప్పుడూ నవ్వడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా ఉంది. బయట బగార అన్నం దించుతున్న వాసన వస్తోంది. ఉపన్యాసాలు పొట్టిగా అయిపోయాయి. ఆయన గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఎక్కువ లేదు. ఆయన దండ మెడలో వేసుకుని తల వంచుకుని కూర్చున్నారు. ఎవరు ఏం చెప్పారో, ఎంతసేపు చెప్పారో ఆయన లెక్క వేస్తున్నారని నాకు అనుమానం.

నేను లేచి పద్యం చదివాను. రెండుసార్లు చదివి, అర్థం చెప్పాను. తర్వాత వచ్చే వాడు ఇబ్బంది పడకూడదని ఆయన ఇన్నేళ్లు బోర్డు తుడిచి వెళ్లారని, ఆ తర్వాత వచ్చేవాణ్ని నేనేనని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవి ఊరికే కొట్టే చప్పట్లు కావు. వాళ్లు చూసిందే పద్యంలో ఉంది. ఇంటామె భర్త ముఖం చూసింది.

ఆయన ముఖం బాగాలేదు. లేచి నిలబడ్డారు.

"పద్యం మంచిగున్నది" అన్నారు. "కని రెండో లైను తప్పు."

ప్రిన్సిపాల్ మేడం ఫ్రేము వైపు చూశారు.

"నేను తుడిచింది నిజం. అది ఈ సారు వీలు కోసం కాదు. ఆ ఆలోచనే నాకు రాలే. అబద్ధం వద్దని నేనే చెప్పిన, ఇప్పుడు మంచిగ చెప్పిండ్రు గదా అని ఊకుంటే ఎట్ల?" పిల్లల వైపు తిరిగారు. "నేను సదువుకునేటప్పుడు, బడిల తెలుగు సారు బోర్డు మీద వృత్తం అని రాయమన్నడు. నేను వ కింద రావత్తు పెట్టి, కొమ్మిచ్చిన. ఆయన చెవి పట్టుకుని గదంత గుండ్రంగ తిప్పిండు. 'ఇగో, గిది వృత్తం' అనుకుంట. అప్పటిసంది తెలుగు సారంటే నాకు బుగులు. లెక్కల్ల తప్పు పోతే మళ్ల చేస్త. తెలుగుల తప్పు పోతే నాకే తెల్వదు. ఈడ చూస్తే నా వెనుక పీరియడే తెలుగు సారు. ఈయన మంచోడే, చెవి పట్టుకునే మనిషి కాదు. కని చూస్తడు గద? నేను వృత్తాలు, దీర్ఘవృత్తాలు అని బోర్డు నిండ రాసిపెట్టి పోతే చూస్తడు గద? గందుకు తుడిచిన. రోజు తుడిచిన."

ముందు ఇంటామె నవ్వింది, గట్టిగా, స్టేజి మీద ఉన్నానన్న సంగతే మరిచిపోయి. "అయ్యో, ఇప్పుడు సమజైంది నాకు! మంచిర్యాల్ల ట్రైనింగుకు పోతే నెల దినాలు ఒక్క ఉత్తరం రాయలే ఈయన. నా మీద పాణం లేదనుకున్న. వత్తుల బుగులా!"

ఆ తర్వాత ఎవరు ఎవరికంటే ఎక్కువ నవ్వారో చెప్పలేను. యముడన్న పిల్లవాడు బెంచీ మీద తల పెట్టేశాడు. నవ్వుల మధ్య నిలబడి ఆయన కూడా కొంచెం నవ్వారు.

నాకు ఫోన్లు చేసే పిల్లలూ, మీరు క్లాసుల్లో పాత పద్యాలు చెబుతారు. ఇది దీనికి గుర్తు, అది దానికి గుర్తు అంటారు. నేనూ అన్నాను. ఆ కవులు లేచి నిలబడి 'రెండో లైను తప్పు' అనరు. అందుకే మనం అంత ధైర్యంగా చెప్పేస్తాం. నేను రాసిన ఒక్క పద్యానికి, అందులోని మనిషే దండతో సహా లేచి నిలబడ్డాడు. తుడిచిన బోర్డును నేను కళ్లతో చూశాను. అందులో మర్యాద కనిపించింది. అది భయం. కొంగను కొంగగా చూడమని రోజూ చెప్పేవాణ్ని, నేనే చేపను కలిపేశాను.

"మార్చుదాం సార్" అన్నాను. "నిజం ఎట్లుంటే అట్ల."

"ఫ్రేము కట్టించినం గద!" అన్నారు ప్రిన్సిపాల్ మేడం.

ఆమె మాట ఎవరూ వినలేదు. ఆయన అప్పటికే వేళ్లు ముడుస్తున్నారు. "వీలు కొరకు తీసేయాలె. దాని జాగల బుగులు తోటి పెడదాం. బు గు లు, మూడు లఘువులు. తోటి, గురువు లఘువు. పడుతది గద?"

"గణాలు పడ్డయి. యతి పడదు సార్." పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ చుట్టరికం ఉండాలి, దాన్నే యతి అంటారు. "మొదట్ల 'వెనుక'లో వె ఉంది. 'బుగులు'లో బు. వ కూ బ కూ చుట్టరికం ఉంది. ఎ కూ ఉ కూ లేదు. 'బెదురు' అంటే సరిపోతుంది."

"బెదురు వేరు, బుగులు వేరు. బెదిరితే గొడ్డు ఉరుకుతది. బుగులైతే మనిషి కూసున్న కాడనే కూసుంటడు. నాది బుగులే."

"అయితే యతి పోనీయండి. నిజం ముఖ్యం కదా."

ఆయన నన్ను ఆశ్చర్యంగా చూశారు. "మీరేనా సార్ ఆ మాట అనేది? రూలు తప్పితే అది పద్యమెట్లయితది?"

పద్యాలు జవాబు లేని లెక్కలన్న మనిషి ఈయనే. ఛందస్సును ఆయన కాపాడుతున్నారు, నేను వదిలేద్దామంటున్నాను.

"ఆగుండ్రి" అన్నారు. "ఇది ఈక్వేషనే గద. కుడి దిక్కు బుగులు, అది మారది. కుడి దిక్కు మారకపోతే ఎడమ దిక్కు మార్చాలె. 'వెనుక వచ్చు వాని' తీసేస్తం. బు కు చుట్టాలెవలెవలు?"

"పు, పూ, బు, బూ, పొ, పో..."

"పూలు సార్!" అని అరిచారు పిల్లలు.

"బుగులుతోటి పూలెవలు పెట్టుకుంటర్రా? పూ... పూ... పూట! పూట పూట. రోజు తుడిచిన గద. నిజమే. ఇంక మధ్యల మూడు లఘువులు గావాలె. పూట పూట... దేని బుగులు?"

"తెలుగు!" అంది దంతాలపల్లి అమ్మాయి.

"తె, లు, గు." ఆయన మూడు వేళ్లు ముడిచి, మళ్లీ విప్పి చూసుకున్నారు. "మూడూ లఘువులే. తెలుగుల ఒక్క గురువు గూడ లేడు సార్! అందుకే నాకు రాలే."

ఆ తర్వాత ఆయన చేసిన పని ఎవరూ అనుకోలేదు. కుర్చీ జరిపి, తన ఫొటో ఉన్న ఫ్లెక్సీని ఒక పక్కకు ఎత్తారు. ఇద్దరు పిల్లలు పరుగెత్తి వచ్చి పట్టుకున్నారు. కింద బోర్డు ఉంది. చాక్‌పీస్ తీసుకుని, దండ బోర్డుకు తగలకుండా ఎడమ చేత్తో వెనక్కి పట్టుకుని, పద్యమంతా రాశారు. అంత తెలుగు ఆయన రాయగా నేను చూడటం అదే మొదటిసారి. అక్షరాలు అంకెల్లాగా దూరం దూరంగా ఉన్నాయి. మారిన రెండో లైను ఇట్లా ఉంది:

పూట పూట తెలుగు బుగులు తొటి

రాసి నా వైపు తిరిగారు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. "చూడుండ్రి. తప్పులుంటే చెప్పుండ్రి. అందరి ముందర చెప్పుండ్రి, పర్వాలేదు."

ఉన్నట్టు చెప్పాలా వద్దా అని నేను ఆలోచించలేదు. ఆయనకు అబద్ధం పనికిరాదు. "రెండో లైన్లో ఒకటుంది సార్. మీరే లెక్క వేయండి."

ఆయన బోర్డు వైపు తిరిగి, చాక్‌పీస్‌తో ఒక్కొక్క అక్షరం మీద తడుతూ వెళ్లారు. గురువు, లఘువు. గురువు, లఘువు. మూడు లఘువులు. మూడు లఘువులు. చివరి మాట దగ్గర చెయ్యి ఆగింది.

"తొ, టి. రెండూ లఘువులే. ఈడ గురువుండాలె." కొంచెంసేపు చూసి, తొ ను వేలితో చెరిపి తో రాశారు. "దీర్ఘం. అంతేనా?"

"అంతే సార్."

"అంటే లెక్క తప్పితే రాత తప్పిందన్నట్టు. పద్యమే చెప్తదన్నట్టు."

"అన్నిసార్లు చెప్పదు. చాలాసార్లు చెప్తుంది."

ఆయన బోర్డు వైపే చూస్తూ నిలబడ్డారు. "ఆ సారు చెవి పట్టుకునే బదులు ఈ లెక్క చెప్తే అయిపోతుండె గద" అన్నారు, ఎవరితోనూ కాదు.

పిల్లలు ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్నారు. ఆయన చెయ్యి అలవాటుగా బల్ల మీద డస్టర్ కోసం తడిమింది. దొరికింది. ఎత్తారు కూడా.

"ఉండనీయుండ్రి" అంది ఇంటామె, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. "రాండ్రి, బగార సల్లారుతది."

ఆయన డస్టర్ బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, ఆమె వెనక బయటికి నడిచారు.